ఉద్యోగమూ కంప్యూటరే, చదువూ కంప్యూటరే... తేడా ఏంటి?

(బెంగళూరులో జరిగిన సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మాటలు మేము ముగ్గురం కలిసి రాసుకున్నవి. మాలో ఒకరిది ధర్మవరం, ఒకరిది చీరాల పక్క పల్లె, ఒకామె ఇక్కడే కబ్బన్‌పేటలో పుట్టి పెరిగింది. ముగ్గురి ఇళ్ళలోనూ మగ్గం ఉండేది. ఒకరింట్లో ఇప్పటికీ ఉంది. ముగ్గురం ఈ ఊళ్ళోనే సైంటిఫిక్ కంప్యూటింగ్ అనే పైచదువు చదివాం. చదవడం వచ్చు గానీ మైకు ముందు మాట్లాడటం మాకు కొత్త. తడబడితే మన్నించాలి.

పోయినసారి ఇదే సభలో, భోజనాల వరసలో నిలబడి ఉండగా ఒక పెద్దాయన మమ్మల్ని పట్టుకుని అడిగారు. "మా వాడికి కాలేజీలోనే కంపెనీ వాళ్ళు ఉద్యోగం ఇచ్చారు నాయనా. ఏడాదికి మూడున్నర లక్షలు. వాడేమో వద్దు, ఇంకా చదువుతానంటున్నాడు. చదివేది ఏమిటిరా అంటే అదీ కంప్యూటరేనట. ఉద్యోగమూ కంప్యూటరే, చదువూ కంప్యూటరే... తేడా ఏంటి? నాకు నూటికి రెండు రూపాయల వడ్డీ అప్పు ఉంది. వాడికి ఏం చెప్పమంటారు?"

విస్తరి చేతిలో పట్టుకుని ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయాం. ఏదో అన్నాం, ఆయన తలూపారు. ఆయనకు అర్థం కాలేదని మాకు తెలుసు. ఆ జవాబు ఇవాళ ఇద్దామనే ఈ ప్రయత్నం.

ముందు ఈ చదువేమిటో చెప్పాలి. మన ఇళ్ళలో డిజైను గీసే గ్రాఫు కాగితం చూడని వాళ్ళు లేరు. గడి నింపితే ఆ పోగు పైకి లేస్తుంది, ఖాళీగా వదిలితే లేవదు. ఉంది, లేదు. ఈ రెండు మాటలతోనే హంస వస్తుంది, మామిడిపిందె వస్తుంది, గోపురం అంచు వస్తుంది. ఫ్రాన్సులో లియోన్ అనే పట్టు ఊరిలో జోసెఫ్ మేరీ జాకార్డ్ 1804 ప్రాంతంలో ఆ గళ్ళను అట్టల మీద రంధ్రాలుగా చేసి మగ్గానికి తగిలించాడు. ఆ తర్వాత ముప్ఫై ఏళ్ళకు ఇంగ్లండులో చార్లెస్ బాబేజ్ లెక్కలు చేసే యంత్రం ఒకటి ఊహించినప్పుడు, దానికి ఏం చేయాలో చెప్పడానికి ఆ జాకార్డు అట్టలనే తీసుకున్నాడు. పట్టులో నేసిన జాకార్డ్ బొమ్మ ఒకటి బాబేజ్ దగ్గర ఉండేది. దాన్ని నేయడానికి సుమారు 24 వేల అట్టలు పట్టాయట. మనవాళ్ళు సభల్లో "కంప్యూటరు మగ్గం నుంచే పుట్టింది" అంటుంటారు. అది కొంచెం ఎక్కువే గానీ, పూర్తిగా అబద్ధం మాత్రం కాదు.

ఇప్పుడు ఆ గ్రాఫు కాగితాన్నే ఆకాశం మీద పరిచామనుకోండి. దేశం మీది గాలిని గళ్ళు గళ్ళుగా, పొరలు పొరలుగా కోస్తారు. ఒక్కో గడిలో వేడి ఎంత, తేమ ఎంత, గాలి ఎటు వీస్తోంది అన్న అంకెలు ఉంటాయి. పక్క గడిలో మార్పు వస్తే ఈ గడిలోనూ వస్తుంది. ఆ మార్పును భౌతికశాస్త్రం సూత్రాలతో కొద్ది కొద్ది నిమిషాల చొప్పున ముందుకు లెక్కగడుతూ పోతే రేపటి వాన తెలుస్తుంది. సైంటిఫిక్ కంప్యూటింగ్ అంటే ఇదే. విమానం రెక్క మీద గాలి, గుండెలో రక్తం, మందు అణువు ప్రొటీనుకు అతుక్కునే తీరు, భూకంపంలో వంతెన ఊగడం... వీటిని చేసి చూడలేని చోట, చేసి చూస్తే ఖర్చో ప్రాణమో పోయే చోట, లెక్క కట్టి చూడటం.

కంపెనీలో మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం అంటే ఎక్కువగా బ్యాంకు ఖాతాలు, టికెట్లు, బిల్లులు సరిగ్గా నడిచేలా చూడటం. అది తక్కువ పని అని మేము అనం. లక్షల ఇళ్ళు దాని మీదే బతుకుతున్నాయి. రెండిట్లోనూ కంప్యూటరు ఉంది, నిజమే. సైకిలు తొక్కేవాడికీ రాట్నం తిప్పేవాడికీ చక్రమే ఉంటుంది కదా.

వాన లెక్కతో మనకేం పని అంటారేమో. గుంట మగ్గం మీద కూర్చున్నవాళ్ళకు అది చెప్పాలా? చీరాల వైపు పెద్ద వాన పడితే మగ్గం గుంటలోకి నీళ్ళూరతాయి, పని ఆగుతుంది, కూలీ ఆగుతుంది. వీధిలో పడుగు చాచి గంజి పెట్టాక మబ్బు పడితే ఏమవుతుందో మీకే బాగా తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన తుపాను ఆ తీరంలోనే నేల తాకింది. దివిసీమను ఉప్పెన ముంచింది. సుమారు 10 వేల మంది పోయారు. మాలో ఒకరి నాయనమ్మ ఆ రాత్రి గురించి చెప్పడం మొదలుపెట్టి ఎప్పుడూ పూర్తి చేయలేదు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను ఒడిశా తీరానికి వచ్చింది. అదీ అతి తీవ్రమైన తుపానే. ముందే చెప్పగలిగారు, దాదాపు 10 లక్షల మందిని ఖాళీ చేయించారు, చనిపోయినవాళ్ళు 50 లోపే. ఇది కంప్యూటరు ఒక్కదాని గొప్పే అని మేము చెప్పం. ఉపగ్రహాలు ఉన్నాయి, తుపాను షెల్టర్లు ఉన్నాయి, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని లేపిన ఉద్యోగులు ఉన్నారు. కానీ ఎక్కడికి వెళ్ళి లేపాలో చెప్పినవాటిలో ఆ లెక్క ఒకటి.

ఆ లెక్క ఎంత పెద్దదో కూడా చెప్తాం. పుణెలో 2018లో ప్రత్యూష్ అనే సూపర్ కంప్యూటరు వచ్చాక మన దేశపు అంచనా 12 కిలోమీటర్ల గడితో నడిచింది. 2025లో 6 కిలోమీటర్ల గడికి వచ్చారు. గడి సగం చేస్తే పని రెండింతలే కదా అనుకుంటాం. కాదు. పొడుగులో రెట్టింపు, వెడల్పులో రెట్టింపు, అంటే నాలుగు రెట్ల గళ్ళు. గడి చిన్నదైతే లెక్కలో ఒక్కో అడుగు పడే కాలాన్నీ సగం చేయాలి. అక్కడికి ఎనిమిది రెట్లు. అందుకే ఒక్క యంత్రం చాలదు. వేల ప్రాసెసర్లకు పని పంచాలి.

ఈ పంచడం అన్నది మా చదువులో సగం. మాకు క్లాసులో ఇది చెప్పినప్పుడు, నిజం చెప్పాలంటే, ముగ్గురికీ ఇల్లే గుర్తొచ్చింది. అమ్మ కండెలు చుడుతుంది, అవ్వ నూలు చూస్తుంది, నాన్న నాడె విసురుతాడు, పిల్లలు అటూ ఇటూ అందిస్తారు. అందరూ ఒకేసారి పనిచేస్తారు. కానీ కండె అందకపోతే మగ్గం మీది మనిషి ఎంత చురుకైనవాడైనా చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే. సూపర్ కంప్యూటరులోనూ అదే బాధ. ప్రాసెసరు మహా వేగం, దానికి అంకెలు అందించే దారి నెమ్మది. ఎవరూ ఎవరి కోసమూ ఆగకుండా పని పంచగలిగినవాడికే ఈ రంగంలో విలువ. ఇంగ్లండులో రిచర్డ్‌సన్ అనే ఆయన 1922లోనే, కంప్యూటర్లు లేని కాలంలో, వాతావరణం లెక్క మీద పుస్తకం రాశాడు. ఒక పెద్ద హాలులో 64 వేల మంది మనుషులు కూర్చుని తలా కొంత లెక్క చేస్తుంటే వాతావరణంతో సమానంగా లెక్క నడుస్తుందని ఊహించాడు. ఆయన సొంతంగా చేతితో చేసిన మొదటి లెక్క దారుణంగా తప్పింది. తప్పినా దాచుకోకుండా అచ్చు వేశాడు. ఆయన మీద మాకు గౌరవం అందుకే.

ఇక ఈ ఊరి సంగతి. మల్లేశ్వరం దాటాక పెద్ద చెట్ల మధ్య ఉండే సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌ను ఇక్కడి పాతవాళ్ళు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటారు. 1909లో మొదలైంది. దానికి తలపెట్టిన జంషెట్‌జీ టాటాయే ఈ ఊళ్ళో పట్టు పరిశ్రమ బాగుపడాలని సిల్క్ ఫామ్ కూడా పెట్టించాడు. బసవనగుడి దగ్గర ఆ పేరు ఇప్పటికీ ఉంది. (సిల్క్ బోర్డు పేరు కూడా ఉంది గానీ, ఈ ఊళ్ళో ఆ పేరు చెబితే పట్టు గుర్తుకు రాదు, ట్రాఫిక్ గుర్తొస్తుంది.) ఆ ఇన్‌స్టిట్యూట్‌లో 1990లో సూపర్ కంప్యూటర్ కేంద్రం పెట్టారు. ఇప్పుడు కంప్యూటేషనల్ అండ్ డేటా సైన్సెస్ అనే విభాగం ఉంది. అందులో ఎంటెక్, పీహెచ్‌డీ ఉన్నాయి. 2022లో అక్కడ పరమ్ ప్రవేగ అనే యంత్రం నడక మొదలుపెట్టింది. సెకనుకు 3,300 లక్షల కోట్ల లెక్కలు చేసే శక్తి దానిది. సున్నాలు లెక్కపెట్టుకోవడం ఇంటికెళ్ళాక చేద్దురు గానీ.

ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులోని నేషనల్ ఏరోస్పేస్ లేబరేటరీస్‌ది ఇంకా పాత కథ. 1980ల్లో అమెరికా పెద్ద సూపర్ కంప్యూటర్లు మనకు అమ్మడానికి అడ్డం చెప్పిన రోజుల్లోనే, 1986లో, అక్కడివాళ్ళు చిన్న ప్రాసెసర్లను కలిపి ఫ్లోసాల్వర్ అనే సమాంతర కంప్యూటరు చేశారు. దేశంలో అలాంటివాటిలో మొదటిది అదే. విమానం చుట్టూ గాలి లెక్క కోసం చేసింది, తర్వాత రుతుపవనాల లెక్కకూ వాడారు. ఇవి కాక యలహంక వైపు టాటా సంస్థ గణితకేంద్రం ఉంది, జక్కూరులో నెహ్రూ సెంటర్ ఉంది. మన పవర్‌లూమ్ షెడ్ల చప్పుడు వినిపించే దూరంలోనే ఇవన్నీ. మాలో ఒకామె డిగ్రీ అయిపోయేదాకా ఆ గేట్ల ముందు నుంచే బస్సులో వెళ్ళింది. లోపల ఏం జరుగుతుందో అడగాలని కూడా తోచలేదంటుంది. మనలాంటి వాళ్ళకు కాదులే అనుకుందట.

ఆ పెద్దాయన అప్పు సంగతికి వద్దాం. అసలు ప్రశ్న అదే.

ఈ చదువుకు మీరు డబ్బు కట్టి చదివించక్కర్లేదు, ప్రభుత్వమే ఇస్తుంది. గేట్ పరీక్ష రాసి ఎంటెక్‌లో చేరితే నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. రెండేళ్ళకు 2,97,600. హాస్టలు, మెస్సు, ఫీజు పోతే ఇంటికి పంపడానికి ఏమీ మిగలదు. అదే సమయంలో ఇంటి నుంచి తెప్పించుకునే అవసరమూ పెద్దగా రాదు. పీహెచ్‌డీ అయితే 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000. అందులో కొంత ఇంటికి పంపవచ్చు, మాలో ఒకరు పంపారు కూడా.

కానీ లెక్కలో రెండో వైపు దాచకూడదు. మూడున్నర లక్షల ఉద్యోగంలో చేరితే రెండేళ్ళకు ఏడు లక్షలు. ఎంటెక్‌లో మూడు లక్షల లోపు. ఆ నాలుగు లక్షల తేడా ఇల్లు మోయాలి. రెండు రూపాయల వడ్డీ నడుస్తున్న ఇంటికి అది చిన్న బరువు కాదు. మా ముగ్గురిలో ఒకరు అందుకే మొదట ఉద్యోగంలో చేరారు. గేట్ స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. రెండేళ్ళు పనిచేసి, అప్పులో పెద్ద ముక్క తీర్చి, అదే స్కోరుతో చదువులోకి వచ్చారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి లీనియర్ ఆల్జీబ్రా తిరగేయడం ఎంత కష్టమో ఆయన్నే అడగండి. ఆ దారి ఉందని మాత్రం తెలుసుకోండి. అబ్బాయికి "ఇప్పుడు కాదు" అని చెప్పడం వేరు, "వద్దు" అని చెప్పడం వేరు.

ఇంకో మాట, కొంచెం కోపంగానే చెప్తున్నాం. మాలో ఒకరి తమ్ముడిని ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో డేటా సైన్స్ కోర్సులో చేర్చారు. ఆరు నెలలు, లక్షా ఎనభై వేలు, ఉద్యోగం గ్యారంటీ అన్నారు. అమ్మ గాజులు తాకట్టులోకి వెళ్ళాయి. కోర్సు అయ్యాక సర్టిఫికెట్ ఇచ్చారు, ఉద్యోగం ఇవ్వలేదు. లెక్కల పునాది లేకుండా ఆరు నెలల్లో పైపైన నేర్పితే అంతే. పడుగు సరిగా పడకుండా పైన జరీ ఎంత వేస్తే ఏం లాభం? ఐఐటీల వాళ్ళు, ఈ సైన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు చెప్పిన పాఠాలే ఎన్‌పీటెల్‌లో వీడియోలుగా ఉచితంగా ఉన్నాయి. గాజులు తాకట్టు పెట్టే ముందు పిల్లాణ్ణి ఒక్క కోర్సు, పన్నెండు వారాలది, అక్కడ పూర్తి చేయమనండి. చేయగలిగితే మీకూ తెలుస్తుంది, వాడికీ తెలుస్తుంది.

ఎవరికి ఈ చదువు పడుతుంది? ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకు అని మనవాళ్ళు అనుకుంటారు. మా అనుభవం వేరు. మాలో ఇద్దరం తెలుగు మీడియం. మొదటి ఆరు నెలలు నోరు విప్పలేదు, మొదటి పరీక్షలో ఒకరికి నూటికి 31 వచ్చాయి. ఇంగ్లీషు ఏడాదిలో సర్దుకుంది. లెక్కలు మాత్రం అలా సర్దుకోవు. ఇంటర్లో లెక్క తప్పితే రాత్రి పడుకోకుండా ఎక్కడ తప్పిందా అని వెతికే పిల్లలుంటారు చూడండి, తెగిన పోగు దొరికే దాకా లేవని వాళ్ళు, అలాంటివాళ్ళకు ఇది. ఇంజనీరింగే చదవాలని లేదు. బీఎస్సీ లెక్కలు, ఫిజిక్సు చదివినవాళ్ళకు జామ్ పరీక్ష ఉంది. దాంతో ఎమ్మెస్సీకి, కొన్నిచోట్ల నేరుగా పీహెచ్‌డీ దాకా కలిపి ఉన్న చదువుకు వెళ్ళవచ్చు. మన ఇళ్ళలో బీఎస్సీ అంటే సీటు రాని పిల్లల చదువు అనే చులకన ఒకటుంది. సి.ఆర్.రావు గారు ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కల ఎమ్మే చేసి, ఉద్యోగం వెతుక్కుంటూ కలకత్తా వెళ్ళారు. ఉద్యోగం దొరకలేదు. అక్కడ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ఉందని ఎవరో చెబితే 1941లో చేరారు. 2023లో నూట రెండేళ్ళ వయసులో ఆయనకు స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి వచ్చేనాటికి ఆయన సూత్రాలు లేని డేటా సైన్స్ పుస్తకం లేదు.

చదివాక ఏమవుతారు? ఇక్కడే ఇస్రో, విమాన ఇంజన్ల మీద పనిచేసే రక్షణ ప్రయోగశాల, సీడాక్ ఉన్నాయి. వాతావరణం వైపు పుణె, నోయిడా, హైదరాబాదులో సముద్రం లెక్కలు చూసే ఇన్‌కాయిస్ ఉన్నాయి. ప్రైవేటులో వైట్‌ఫీల్డులోని జీఈ పరిశోధన కేంద్రం, మెర్సిడెస్ బెంజ్, షెల్, ఇంటెల్ లాంటివి ఉన్నాయి. కారు గుద్దుకుంటే లోపల మనిషికేమవుతుందో కారు తయారుకాక ముందే లెక్కలో చూడటం వాళ్ళ పనుల్లో ఒకటి. ఇప్పుడు ఏఐ అని వింటున్నారే, అది నడిచేదీ పెద్ద పెద్ద మాత్రికల గుణకారాల మీదే. ఆ గుణకారాన్ని వేగంగా చేయించగలిగినవాళ్ళకు గిరాకీ ఉంది.

ప్రభుత్వ ఉద్యోగాలు మాత్రం కొన్నే. ప్రకటన వచ్చి చేతికి ఆర్డరు రావడానికి ఏళ్ళు పట్టిన సందర్భాలూ మేం చూశాం. ఎంటెక్ చేసినవాళ్ళలో చాలామంది చివరికి కంపెనీల్లోకే వెళ్తారు. వెళ్ళే మెట్టు వేరు, అంతే. పీహెచ్‌డీ అయిదారేళ్ళు. ఒక సమస్య మీద మనసు పడితేనే దానిలో దిగాలి. పేరు ముందు డాక్టర్ అని వేసుకోవాలని దిగినవాళ్ళు మూడో ఏట కుంగిపోవడం చూశాం. మా మాట అడిగితే, మన ఇళ్ళకు మొదటి మెట్టు ఎంటెక్. ఆపైన వాళ్ళిష్టం.

ఆడపిల్లల సంగతి మాలోని ఆమె తన మాటల్లో చెప్పమంది. ఇరవై మూడేళ్ళకు సంబంధం తెచ్చారు, రెండేళ్ళు ఆగమంటే ఇంట్లో పది రోజులు మాటల్లేవు. చివరికి వాళ్ళ అవ్వ అందట, "నేను పదకొండేళ్ళకు రాట్నం ముందు కూర్చున్నా, నన్నెవరూ అడగలేదు. దాన్ని అడుగుతున్నారు కదా, చెప్పింది వినండి." గేట్ ఫీజు ఆడపిల్లలకు సగమే. హాస్టల్లో భద్రత గురించి అడిగేవాళ్ళు ఆమెనే అడగండి, ఉన్నది ఉన్నట్టు చెబుతుంది.

ఇక కాగితాల పని. ప్రతిభ ఉండి కూడా మన పిల్లలు ఇక్కడ దెబ్బతింటున్నారు. కేంద్ర సంస్థల్లో ఓబీసీలకు 27 శాతం సీట్లు ఉన్నాయి, గేట్ అర్హత మార్కుల్లో కూడా సడలింపు ఉంది. కానీ రాష్ట్రం ఇచ్చే బీసీ సర్టిఫికెట్ అక్కడ చెల్లదు. కేంద్ర నమూనాలో, నాన్ క్రీమీ లేయర్ అని రాసి ఉన్న ఓబీసీ సర్టిఫికెట్టే కావాలి. అదీ పాతది పనికిరాదు, ఏ ఏడాది తేదీతో అడిగితే ఆ తేదీతో ఉండాలి. ఆంధ్రా, తెలంగాణ వాళ్ళు మీసేవలో, ఇక్కడివాళ్ళు నాడకచేరిలో అడగాలి. మన కులం పేరు కేంద్ర జాబితాలో మీ రాష్ట్రం కింద ఏ అక్షరాలతో ఉందో ముందే చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్లో ఒక పేరు, కుల సర్టిఫికెట్లో ఒక పేరు ఉంటే ఇప్పుడే సరిచేయించండి. మాలో ఒకరు ఇంటి పేరులో ఒక అక్షరం తేడా వల్ల తహసీల్దారు ఆఫీసు చుట్టూ నాలుగు సార్లు తిరిగి, ఆఖరి రోజు సాయంత్రం కాగితం అందుకున్నారు. గేట్, జామ్ రెండూ ఫిబ్రవరిలో జరుగుతాయి, దరఖాస్తులు అంతకు ముందు ఏడాది ఆగస్టు, సెప్టెంబరుల్లోనే మొదలవుతాయి. మూడో ఏడు చదివే పిల్లలు కూడా గేట్ రాయవచ్చు.

ఆ పెద్దాయన ఇవాళ వచ్చారో లేదో తెలియదు. వాళ్ళబ్బాయి ఏ దారి పట్టాడో కూడా తెలియదు. ఇక్కడే ఉంటే, భోజనాల తర్వాత ఒక్కసారి కలవమని మనవి. హాలు వెనక, పుస్తకాల బల్ల పక్కన కూర్చుంటాం. ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలు మార్కుల జాబితా ఫోనులో ఉన్నా చాలు, చూపించండి. సర్టిఫికెట్ల జెరాక్సులు తెచ్చినవాళ్ళు ముందు రండి, నాలుగింటి బస్సుకు వెళ్ళాల్సినవాళ్ళు ఉన్నారు.